చెరిసగం పార్టీ

పుల్లన్న ముప్పై రెండేళ్లు కె.సి. కెనాలు మీద లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడు. లస్కరు అంటే తూముల దగ్గర షట్టర్లు తిప్పేవాడు. పైనుంచి లేపమని కాగితం వస్తే లేపడం, దించమని వస్తే దించడం. నందికొట్కూరు కింద పదకొండు తూములు ఆయన చేతివే. ఏ షట్టరు ఎన్ని చుట్లకు జానెడు లేస్తుందో, ఏది మధ్యలో బిగుసుకుంటుందో, ఏ తూము అడుగున రాయి అరిగి మూసినా నీళ్లు కారుతాయో ఆయనకు కళ్లు మూసుకున్నా తెలుసు. మాట మాత్రం మహా పొదుపు. ముగ్గురు నిలబడి మాట్లాడుకునే చోట నాలుగోవాడుగా నిలబడి, వాళ్లు కదిలితే తనూ కదిలేవాడు. పెళ్లయిన కొత్తలో ఈయనకు చెవుడేమో అనుకుందట గిడ్డమ్మ.

అట్లాంటి మనిషి బతుకులో ఒక్కసారి పదిమంది ముందర నిలబడి గట్టిగా మాట ఇచ్చాడు. అదీ ఒక పార్టీ కోసం. ఆ పార్టీ మూడేళ్ల నాలుగు నెలలు బతికింది.

పేరు రాయలసీమ సమభాగ పార్టీ. పెట్టింది జ్ఞానేశ్వర్. నందికొట్కూరు బజారులో విత్తనాల అంగడి వాళ్ల కొడుకు, వకీలు. కోర్టులో వాదించిన తగాదాల కంటే కోర్టు బయట అరుగు మీద తీర్చినవే ఎక్కువ. ఆయన తీర్పుకు ఒకటే పద్ధతి, చెరి సగం. గట్టు తగాదా వస్తే గట్టును నడిమికి జరిపేవాడు. అన్నదమ్ములు చింతచెట్టు కోసం తన్నుకుని వస్తే తూర్పు కొమ్మలు ఒకరికి, పడమటి కొమ్మలు ఇంకొకరికి. ఇద్దరూ సణుక్కుంటూ పోయేవాళ్లు, కానీ ఇద్దరూ నడిచే పోయేవాళ్లు. మంచం మీద మోసుకుపోయే కాలం చూసిన ఊళ్లకు అది చిన్న సంగతి కాదు. అందుకే ఆయనంటే జనానికి గురి.

"ఉండేది రెండు పెద్ద పార్టీలు. ఒకరు కట్టింది ఒకరు పడగొడతారు. నడుమ ఒకరుండాల గదప్పా, సర్దిచెప్పేకి" అని ఆయన అన్నప్పుడు నిజమే అన్నారు అందరూ. నిజమే అన్నవాళ్లంతా చేరలేదు, చేరినవాళ్లు కూడా తక్కువేం కాదు. ప్రతి కమిటీలో కాలువ పైవాడు ఒకడు, కిందివాడు ఒకడు. మీటింగు పెడితే నంద్యాల్లోనే, ఇటు నందికొట్కూరుకూ అటు మైదుకూరుకూ నడిమిది అని. గుర్తుగా త్రాసు అడిగితే బకెట్టు వచ్చింది. బజారులో ఎగతాళికి కొదవా? "చెరిసగం పార్టీ మీటింగుకు పోయొస్తాండావా? సగం మందికి ఇడ్లీ, సగం మందికి చట్నీ పెడతారంట గదా!" అనేవాళ్లు.

జ్ఞానేశ్వర్ ఒకరోజు పుల్లన్న ఇంటికే వచ్చాడు.

"పుల్లన్నా, నువ్వు ఏ పార్టీవోనివీ కాదు. పైవాళ్లకు నీ మీద అనుమానం లేదు, కిందివాళ్లకూ లేదు. నువ్వు మా పక్కన కూచుంటే చాలు. మాట్లాడే పని లేదు."

మాట్లాడే పని లేదన్నందుకు పుల్లన్న ఒప్పుకున్నాడని గిడ్డమ్మ అందరితో చెప్పి నవ్వేది. అసలు సంగతి అది కాదు. ముప్పై రెండేళ్లు కాగితం చెప్పినట్టు పిడి తిప్పాడు కానీ, ప్రతి ఏడూ పైన వరి మళ్లు నిండి పొర్లుతుంటే కింద మైదుకూరు పల్లెల్లో కాలువ అడుగు నెర్రెలు విచ్చడం ఆయన చూస్తూనే ఉన్నాడు. బిడ్డ భువనను ఇచ్చింది అక్కడికే. అల్లుడు వీరేష్ ఎకరన్నరలో పసుపు పెడతాడు. పసుపుకు చివర రెండు తడులు తప్పితే కొమ్ము ఊరదు. ఆ రెండు తడుల కాలంలోనే ఏటా కాలువ ఆగిపోతుంది. పంచే పద్ధతి మారితే చాలు, నీళ్లు లేకపోలేదు అని పుల్లన్న నమ్మకం. ఈ పార్టీ పేరులోనే పంచడం ఉంది. అదీ సంగతి.

అసెంబ్లీ ఎన్నికల్లో బకెట్టు ఎక్కడా నిండలేదు. డిపాజిట్లు పోయాయి. కానీ ఆ తర్వాత వచ్చిన నీటి సంఘాల ఎన్నికల్లో గుర్తులుండవు, ఊరివాళ్లు కూర్చుని చేతులెత్తడమే. అక్కడ జ్ఞానేశ్వర్ మీద గురి పనిచేసింది. పైన అయిదు సంఘాలు పార్టీవాళ్లకు వచ్చాయి. కింద కూడా వస్తాయి, ఎవరైనా నమ్మకంగా ఒక మాట చెబితే.

"నువ్వు రావాల పుల్లన్నా. నీ బిడ్డ ఊరే గదా" అన్నాడు జ్ఞానేశ్వర్.

భువన ఊళ్లో పాలకేంద్రం ముందర జనం కూడారు. కింది రైతులకు పెద్ద దాసన్న. నోరు కారం, మనసు మంచిది. పుల్లన్నను చూడగానే అందుకున్నాడు.

"ఏమప్పా లస్కరూ, ముప్పై ఏండ్లు మా నోట్లో మన్ను కొట్టి ఇప్పుడు చేతులెత్తమని వచ్చినావా?"

జనం నవ్వారు. వెనక ఆడవాళ్లలో భువన తల దించుకుంది. పుల్లన్న అది చూశాడు. చూసి, ఎవరూ అడగకుండానే లేచాడు.

"కాగితం చెప్పినట్ల తిప్పినా దాసన్నా. ఈసారి కాగితం మీరే రాస్తారు. నీళ్లు తక్కువొస్తే ముందు తడి మీకు. షట్టర్లు నేనే తిప్పుతా. నా మాట."

అంతసేపు ఆయన మాట్లాడటం భువన కూడా ఎప్పుడూ వినలేదు. చేతులు లేచాయి. కింద నాలుగు సంఘాలు పార్టీకి వచ్చాయి. తిరిగి వచ్చేటప్పుడు కారులో జ్ఞానేశ్వర్ ఆయన తొడ మీద చరిచి, "బాగ చెప్పినావు. ముందు తడి అనకుండా న్యాయంగా తడి అనింటే ఇంకా బాగుండు" అన్నాడు. పుల్లన్న కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

ఆ ఏడే నీళ్లు తక్కువొచ్చాయి. డిసెంబరు నెలాఖరుకు కాలువ ఆపేశారు. మిగిలింది పద్దెనిమిది రోజుల నీళ్లు, అంతే. లస్కరు పోస్టులు నింపక ఏళ్లయింది, తూముల దగ్గర మనిషి లేడు. ఇంజనీరు మంచివాడు. "మీ సంఘాలన్నీ ఒక మాట మీదికి రండి. ఎట్ల రాసిస్తే అట్ల వదుల్తా. షట్టర్లు పుల్లన్నే తిప్పనీ" అన్నాడు. ఏ పార్టీకీ ఎప్పుడూ దొరకని అదను అది. నంద్యాల్లో కల్యాణమండపం మాట్లాడి మీటింగు పెట్టారు.

పైవాళ్ల తరపున హనుమేష్ లేచాడు. పుల్లన్న ఊరివాడే, మామా అని పిలుస్తాడు.

"వరి పొట్ట మీద ఉండాది సార్. ఇప్పుడు వారం దినాలు నీళ్లు నిలిపితే గింజ పట్టదు, తాలు పోతాది."

"మిమ్మల్ని వరి పెట్టమని ఎవురు చెప్పినారు? ఆరుతడి పెట్టుకోండని నోటీసు ఇచ్చింటిరి గదా" అన్నాడు దాసన్న.

"మిమ్మల్ని పసుపు పెట్టమని ఎవురు బతిమలాడినారు?"

"మా తాత పెట్టినాడప్పా. మీ తాత కొర్రలు తినేటప్పుడు."

గోల రేగింది. జ్ఞానేశ్వర్ రెండు చేతులూ ఎత్తాడు. ఆయన ముఖం ఇట్లాంటప్పుడే వెలుగుతుంది.

"ఇద్దరిదీ న్యాయమే. పైవాళ్లకు పూర్తిగా మూసేది అన్యాయం, కిందివాళ్లకు రాకుండా చేసేది అన్యాయం. పద్దెనిమిది దినాలూ పైనుంచి కిందిదాకా అన్ని తూములూ సగం లేపుదాం. ఎవరికీ మూసేది లేదు, ఎవరికీ పూర్తిగా తెరిచేది లేదు."

చప్పట్లు కొట్టారు. పుల్లన్న చప్పట్లు కొట్టలేదు. గట్టు సగం చేయొచ్చు, చెట్టు సగం చేయొచ్చు. తక్కువ నీళ్లున్న కాలువలో అన్ని తూములూ సగం లేపితే కాలువ మట్టమే లేవదు. మట్టం లేవకపోతే పై తూముల్లోకి కూడా నీళ్లు బలంగా ఎక్కవు. నాలుగు వేళ్ల లోతున కారుకుంటూ పోయి పై పల్లెల మళ్ల మొదట్లోనే ఇంకిపోతాయి. కిందికి చుక్క రాదు. పైన గట్టిగా మూసి, ఎనిమిది రోజులు కాలువను నిండుగా కిందికి తోసి, అక్కడ తడి అయ్యాక కింది తూములు మూసుకుంటూ పైకి రావాలి. పైవాళ్లకు అప్పుడు పది రోజుల నీళ్లు నిండుగా దొరుకుతాయి. ఎనిమిది రోజులు ఆగితే పొట్ట మీది వరి వాడుతుంది కానీ చావదు. ఇదంతా ఆయన తలలో అద్దంలో చూసినట్టు ఉంది. లేచి నిలబడ్డాడు.

"సారూ, అట్ల పారవు."

"ఏం పారవు పుల్లన్నా?"

"నీళ్లు."

మండపం అంతా గొల్లుమంది.

"పైన మూయాల. కింద నిండినాంక పైకి రావాల" అన్నాడు పుల్లన్న.

"పైకి వస్తాయా మామా నీళ్లు? లిఫ్టు యాడుండాది?" అన్నాడు హనుమేష్. మళ్లీ నవ్వులు.

"పుల్లన్న అనుభవం శానా పెద్దది. ఆయన మాట కూడా రాసుకోండి" అన్నాడు జ్ఞానేశ్వర్. రాసుకున్నారు. వంటవాడు వచ్చి ఆకులు వేయమంటారా అని అడిగాడు.

చేతులు కడుక్కునే చోట దాసన్న పక్కకు వచ్చాడు. ఎగతాళి లేదు ముఖంలో.

"నాకు తిప్పే సంగతులు తెలీవప్పా. నిజం చెప్పు. సగమైనా వస్తాయా మాకు?"

రావు అని ఒక్క ముక్క అనాల్సింది. అంటే దాసన్న లోపలికి పోయి బల్ల గుద్దేవాడు. మీటింగు చెదిరిపోయేది, ఒక మాట మీదికి రాలేదని ఇంజనీరు చేతులు దులుపుకునేవాడు, ఆ పద్దెనిమిది రోజుల నీళ్లూ ఎవరికి బలముంటే వాళ్లకు పోయేవి. ఇవన్నీ పుల్లన్నకు తర్వాత తోచిన కారణాలు. అప్పుడు తోచింది ఒకటే, మళ్లీ అందరూ నవ్వుతారని.

"చూద్దాం" అన్నాడు.

మొదటిరోజు తెల్లవారుతూనే మోపెడ్ మీద బయల్దేరి పదకొండు షట్టర్లూ రాసిచ్చినట్టే సగం లేపాడు. రెండో రోజుకే కాలువ ఈడ్చుకుంటూ పోతోంది. మూడో రోజు హనుమేషే వచ్చాడు. "ఏం మామా, నీళ్లు ఇట్ల నీరసంగా ఉండాయి? మడి మొదట్లోనే ఆగిపోతాండాయే" అన్నాడు. పుల్లన్న మోపెడ్ ఎక్కి తర్వాతి తూముకు పోయాడు. నాలుగో రోజు భువన ఫోను.

"నాయనా, ఈడ కాలువలో మేకలు తిరుగుతాండాయి. ఆకు సుట్టుకుంటాంది. దాసన్న రోజూ ఇంటిముందర నిలబడి అడుగుతాండాడు మీ నాయన యాడున్నాడని."

జ్ఞానేశ్వర్‌కు ఫోను చేశాడు పుల్లన్న. తనంతట తాను ఆయనకు ఫోను చేయడం అదే మొదలు. "పద్దెనిమిది దినాలకు ఒప్పుకున్నారు, నాలుగు దినాలకే మారిస్తే పార్టీ మాటకు విలువేముంటాది? కొంచెం ఓపిక పట్టు" అన్నాడాయన. పుల్లన్న ఇంకా ఏదో అనబోయే లోపల పెట్టేశాడు.

అయిదో రోజు పొద్దున పుల్లన్న పదకొండు షట్టర్లూ దించేశాడు. ఏడోది బిగుసుకుంటే కాలు పెట్టి తన్ని దించాడు. తిప్పే ఇనుప పిడి గోనెసంచిలో చుట్టి ఇంటికి తెచ్చి వాకిట్లో పెట్టుకుని కూర్చున్నాడు. కాగితం లేకుండా షట్టరు తిప్పడం అంతవరకు లేదు. గిడ్డమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చి పక్కన పెట్టింది.

మధ్యాహ్నానికి కాలువ లేచింది. సాయంత్రానికి గట్టు మీది గడ్డిని ముట్టింది. ఇక కిందికి పారే పారకం చూస్తే ఒళ్లు పులకరించింది ఆయనకు. ఆ పారకం మైదుకూరు చేరడానికి ఆరు రోజులు. ఆరు రోజులు ఎట్లనో ఒకట్ల పట్టుకోవాలి, ఆ మీద రెండు రోజులు తడికి.

ఎన్ని దినాలని అడిగినవాళ్లకు ఎనిమిది అన్నాడు. ఊరు రెండు రోజులు తిట్టింది. కుళాయి దగ్గర గిడ్డమ్మ బిందెను పక్కకు నెట్టారు. మూడో రోజు దాటి నాలుగో రోజు తెల్లవారేసరికి ముప్పై మంది ఇంటి ముందర ఉన్నారు. హనుమేష్ ముందున్నాడు. జ్ఞానేశ్వర్ కారు దిగి నేరుగా వచ్చి పుల్లన్న పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"పుల్లన్నా, నువ్వు ఎనిమిది దినాలంటాండావు. వీళ్లు ఒక గంట కూడా వద్దంటాండారు. నడుమ మాట చెప్తా. మూడు అయిపోయినాయి, ఈ పొద్దు పొద్దుగుంకేదాకా ఉంచు. నాలుగు దినాలు. ఎనిమిదిలో సగం. ఇద్దరికీ మర్యాదగా ఉంటాది."

"ఇయ్యొద్దయ్యా" అంది గడపలోంచి గిడ్డమ్మ. "తిట్టేది ఎట్లా తిట్టినారు. ఇంక అయిదు దినాలు తిట్టించుకుందాం."

హనుమేష్ అరుపులకు పుల్లన్న చలించలేదు. జ్ఞానేశ్వర్ లెక్కకూ చలించలేదు. వెనకనుంచి చంద్ర వచ్చింది. మొగుడు పోయిన మనిషి, తొమ్మిదో తూము కింద అరెకరం కౌలుకు చేస్తుంది. చేతిలో వరి వెన్ను. దాన్ని పుల్లన్న ముందర గోరుతో చీల్చి చూపించింది. తెల్లటి పాలు కూడా లేవు లోపల.

"నీ బిడ్డది పంటా, మాది కాదా పెద్దనాయనా?" అంది. అరవలేదు. అడిగింది, అంతే.

ఇంకో అయిదు రోజులాగితే నీకు ఆరు రోజుల నీళ్లు నిండుగా పారిస్తానమ్మా, ఇప్పుడు తెరిస్తే నీ మడికి మళ్లీ ఆ నాలుగు వేళ్ల నీళ్లే వస్తాయమ్మా అని చెప్పాలి. గొంతు దాకా వచ్చింది. నంద్యాల్లో కూడా గొంతు దాకానే వచ్చింది. పుల్లన్న గోనెసంచి విప్పి పిడి తీసి జ్ఞానేశ్వర్ చేతికి ఇచ్చాడు. పొద్దుగుంకేదాకా కూడా ఆగలేదు వాళ్లు. ఆ పూటే పోయి పదకొండూ తెరిచారు. సగం కూడా కాదు, చేతికి వచ్చినంత.

పార్టీ నంద్యాల్లో మళ్లీ మీటింగు పెట్టి, క్రమశిక్షణ తప్పినందుకు పుల్లన్నను తీసేసింది. పైవాళ్లూ కిందివాళ్లూ కలిసి చేతులెత్తారట. ఆ పార్టీ పుట్టిన తర్వాత ఒక్క మాట మీద, అటూ ఇటూ నరకకుండా చేసిన తీర్మానం అదొక్కటే. మరో రెండు నెలలకు పైసంఘాల వాళ్లు హనుమేష్ వెంట ఒక పెద్ద పార్టీలో కలిశారు. కిందిసంఘాల వాళ్లు రెండో పెద్ద పార్టీలో కలిశారు. పేపర్లో నాలుగు వాక్యాలు వచ్చాయి. జ్ఞానేశ్వర్ బకెట్ల బొమ్మల ఫ్లెక్సీలు విప్పించి విత్తనాల అంగడి వెనక వడ్లబస్తాల మీద కప్పించాడు. మళ్లీ అరుగు మీద తగాదాలు తీరుస్తున్నాడు, జనం పోతూనే ఉన్నారు. పోవడంలో తప్పేముంది, గట్ల సంగతి ఆయనకు బాగా తెలుసు.

పసుపు తవ్వే రోజుల్లో పుల్లన్న మైదుకూరు బస్సెక్కాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. వద్దని గిడ్డమ్మ అంది.

చేలో వీరేష్ మామను చూసి, "కూచో" అని చెప్పి బస్తాలు సర్దే పనిమీద అవతలి గట్టుకు పోయాడు. మధ్యాహ్నందాకా ఇటు రాలేదు. దాసన్న బండి మీద పోతూ పోతూ ఆపి, గట్టు మీదనుంచే పలకరించాడు.

"ఏం లస్కరప్పా, చూద్దామంటివి. చూసినావా?"

బండి పోయింది. భువన గడ్డపారతో పెళ్లగిస్తోంది. పుల్లన్న వెనక నడుస్తూ దుబ్బులు ఎత్తి మన్ను దులిపి గంపలో వేస్తున్నాడు. కొమ్ములు చిటికెన వేలంత కూడా లేవు. నాలుగు దుబ్బులు దులిపితే ఒక దుబ్బు బరువు లేదు. ఒక సాలు అయ్యాక భువన అడిగింది.

"నాయనా, నువ్వు మూసింది నిజమేనా? ఈడ శానామంది నమ్మరు."

"మూసినా. మూడు దినాలు."

"మూడు దినాలకు నీళ్లు ఎందాక వచ్చినాయి?"

"ఆళ్లగడ్డ కాడికి."

భువన గడ్డపార ఆనించి నిలబడి ఉత్తరం వైపు చూసింది, అక్కడినుంచి ఆళ్లగడ్డ కనిపిస్తుందన్నట్టు. బస్సులో గంట కూడా పట్టదు.

"ఆ నీళ్లు ఏమాయ మరి? తెరిచినాంక మళ్లా పైకి పోలేదు గదా."

ఆయన ఒక దుబ్బును చాలాసేపు దులిపాడు. తర్వాత చెప్పాడు. ఎండిన కాలువలోకి మొదట వచ్చే నీళ్లు ఎవరివీ కావు. అడుగు తాగుతుంది, నెర్రెలు తాగుతాయి. అది తాగిన తర్వాత వచ్చేవే పారే నీళ్లు. వెనక తోపుడు ఆగితే ముందుపోయినవి ఎక్కడివక్కడ ఇంకిపోతాయి. తూము గురించి, మట్టం గురించి, కింద నింపి పైకి రావడం గురించి, అన్నీ వరసగా, ఎక్కడా తడబడకుండా చెప్పాడు. వేలితో మన్నులో కాలువ గీసి, గడ్డిపుల్లలతో తూములు పెట్టి చూపించాడు. పిల్లకాయకైనా అర్థమయ్యేట్టు ఉంది. భువన గడ్డపార కింద పెట్టి కూర్చుని విన్నది.

"అయితే ఆ మూడు దినాల నీళ్లు హనుమేషోళ్లకూ కాలేదు, మాకూ కాలేదు."

"ఎవురికీ కాలేదు."

"మొదులే మూయకుండా అన్నా ఉండాల. మూసినాంక ఎవురు ఏడ్చినా తెరవకుండా అన్నా ఉండాల." కోపం లేదు ఆమె గొంతులో, అదే ఆయనకు కష్టమైంది. "ఇంత బాగ చెప్తావు గదా నాయనా. ఆ పొద్దు నంద్యాల్లో ఏమాయ నీకు?"

హనుమేష్ నవ్వు చెప్పొచ్చు, జ్ఞానేశ్వర్ రాసుకోండి అన్నది చెప్పొచ్చు, ఆకులు వేశారని చెప్పొచ్చు. పుల్లన్న మన్నులో పక్కకు జరిగిన గడ్డిపుల్లను సరిగా పెట్టాడు.

భువన లేచి గడ్డపార అందుకుంది. ఆమె లేచిన ఊపుకు మన్నులో గీసిన కాలువ సగం చెరిగింది.

"ఇంకా రెండు మడులుండాయి. ఎండ ముదిరితే గడ్డపార దిగదు. ఆ గంప ఇట్ల జరుపు."

పుల్లన్న గంప జరిపి, వంగి, పక్క దుబ్బు అందుకున్నాడు.